అడ్డగీత ఉన్న ఏడు

నాలుగో అంతస్తులో సర్వర్ల గది అంటే రాత్రి డ్యూటీ వాళ్ళకి హడల్. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. పాత ఆపరేటరు అందులోనే ప్రాణం వదిలాడు. అక్కడెవరైనా కునుకు తీశారో... ఆయన వచ్చి పుస్తకంలో అంకెలు దిద్దిపోతాడట! ఏడు అంకె నడుమ అడ్డగీత ఉంటుందట. అచ్చం ఆయన చేతిరాతే.

కొత్త ఆపరేటరుకి దెయ్యాలకి భయపడే ఓపిక కూడా లేదు పాపం. ఇంట్లో మూడు నెలల పసిపిల్ల, పగలంతా ఏడుపు. ఇక్కడేమో గంటగంటకీ యంత్రాల లోపలి వేడి ఎంతుందో చూసి పుస్తకంలో రాయాలి. వేడెక్కితే మోగాల్సిన సైరన్ ఎప్పుడో మూగబోయింది, బాగుచేయించే నాథుడు లేడు. "ఇంకొక్క తప్పు జరిగితే ఇంటికే," అని మేనేజరు రెండుసార్లు చెప్పేశాడు.

ఆ రాత్రి మెట్లు తుడుస్తున్న పెద్దావిడ రోజూ అనే మాటే అంది. "పడుకోకు బాబూ."

ఒంటిగంటయ్యేసరికి రెప్పలు నిలబడలేదు. ఎప్పుడు చూసినా ముప్పై ఎనిమిది డిగ్రీలే కదా... ఎవరు చూడొచ్చారు! రెండు, మూడు, నాలుగు గంటల గడుల్లో ముందే 38 రాసేసి కుర్చీలో వాలిపోయాడు.

ఢామ్!

ఉలిక్కిపడి లేచాడు. గడియారంలో మూడు దాటింది. గదిలో ఉక్క... చల్లగాలి చప్పుడే లేదు. గుమ్మం పక్క బల్ల మీదున్న పుస్తకం దగ్గరికెళ్ళి చూశాడు.

మూడు గంటల గడిలో 38 కొట్టేసి ఉంది. పక్కన 57. ఏడు నడుమ... అడ్డగీత.

ఒళ్ళు జల్లుమంది. తెర మీద చూస్తే 58! డెబ్బై దాటితే యంత్రాలు మాడిపోతాయి, వాటితోపాటు అతని ఉద్యోగమూ. పడుతూ లేస్తూ పరిగెత్తాడు. ఏసీ ఆగిపోయి ఉంది. రెండో ఏసీ మీట నొక్కాడు. 56... 52... 47. అప్పుడు గానీ ఊపిరాడలేదు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో పెద్దావిడ, పడిపోయిన ఇనుప బకెట్టు ఎత్తుకుంటోంది. చెవి వెనకాల పుస్తకం తాలూకు పెన్సిలు.

"మీరా అమ్మా... దిద్దింది?"

"నేనే బాబూ. తప్పు రాస్తే ఉద్యోగం పోతుందిగా. అంకెలు నాకు ఆయనే నేర్పారు. ఒకటనుకుంటారని ఏడుకి అడ్డగీత పెట్టమనేవారు."

ఆవిడ చూపు కుర్చీ మీదే ఉంది. ఆయనంటే ఎవరో అతనికి అప్పుడు అర్థమైంది. అయినా కోపమొచ్చింది.

"మరి నన్ను తట్టి లేపొచ్చుగా!"

ఆవిడ బకెట్టు కింద పెట్టింది.

"ఆ కుర్చీలో మనిషిని ఒకసారి తట్టి లేపాను బాబూ... లేవలేదు," అంది మెల్లగా. "అప్పట్నుంచి ఎవరు పడుకున్నా, దూరంగా నిలబడి బకెట్టే పడేస్తున్నాను."