సగం గదుల చిప్పు

"పురుగుల్ని నేనే సంపినానేమో మేడం," అంది నీరజ, కుర్చీలో కూర్చోకుండానే.

మదనపల్లెలో ప్రైవేటు డిటెక్టివ్ ఉషారాణి ఆఫీసుకు ఏడుస్తూ వచ్చేవాళ్లు కొత్త కాదు. నేరం తనదేనేమోనని వచ్చింది మాత్రం ఈ పిల్లే మొదలు. అసిస్టెంటు ఓబులేసు మంచినీళ్లు అందించాడు.

నీరజ, మణికంఠ కలిసి పట్టుపురుగుల షెడ్లలో హీటరును నడిపే పెట్టెలు తయారు చేస్తారు. ఎంత వేడి ఉండాలన్న సెట్టింగు మెమొరీ చిప్పులో మొదటి గదిలో ఉంటుంది. రోజువారీ వేడి వివరాలు ఆ తర్వాతి గదుల్లో చేరుతూ పోతాయి. వాటిని రాసే ప్రోగ్రాం నీరజది. చిప్పులు కొని బిగించేది మణికంఠ. పుంగనూరులో గురప్ప షెడ్డులో, కుప్పంలో మునిలక్ష్మి షెడ్డులో ఆ సెట్టింగు చెడి, హీటరు ఆగక పురుగులన్నీ చచ్చాయి.

"తప్పు నాదేనని రేపు రైతుల ముందర ఒప్పుకోమంటాండాడు మణికంఠన్న. ఒప్పుకుంటే ఈ పనిలో నన్నింక ఎవరు నమ్ముతారు? నా దగ్గరుండే పెట్టెలో ఒక్క తప్పూ రాలేదు."

"దాన్ని ఎవరు బిగించారు?"

"అన్నే. నాకోసరమని ఇచ్చినాడు."

మర్నాడు కుప్పం షెడ్డులో అందరూ చేరారు.

"మొదట బాగానే పనిచేసిందా?" అడిగింది ఉషారాణి.

"బాగానే చేసిందమ్మా. నాలుగో జ్వరం లేసినాక చెడింది," అంది మునిలక్ష్మి. పురుగు పొర విడవడాన్ని అక్కడ జ్వరమంటారు.

"మాదీ అప్పుడే," అన్నాడు గురప్ప.

ఓబులేసుకు ఏమీ బోధపడలేదు. అయినా మేడం మొహం చూసి కేసు తేలిపోయిందనుకున్నాడు.

ఉషారాణి నీరజ తెచ్చిన పెట్టెలోని చిప్పునూ, మునిలక్ష్మి పెట్టెలోని చిప్పునూ ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్పించింది. నీరజ లాప్‌టాప్‌తో గదులు నింపుతూ పోయింది. సగం దాటగానే, ఇన్నాళ్లూ చెడని ఆమె పెట్టెలో సెట్టింగు చెడింది. మునిలక్ష్మి పెట్టె చక్కగా నిలబడింది.

"ప్రోగ్రాం అదే, మారింది చిప్పు. చిప్పు పైన ముద్రించిన లెక్కలో సగం గదులే ఉన్నాయి దీంట్లో. అవి నిండితే రాత మళ్లీ మొదటి గదిలోనే పడుతుంది. నాలుగో జ్వరం నాటికి సగం నిండింది, అందుకే రెండు షెడ్లూ ఒకే దశలో చెడ్డాయి. మణికంఠా, మంచి చిప్పు నీరజ ఒక్కదానికే ఎందుకిచ్చావు?"

"అసలు సరుకు దొరకలేదు మేడం," అన్నాడు మణికంఠ. "ఆలస్యమైతే ఆర్డరు బెంగుళూరోళ్లకు పోతాదని దొరికినవే ఏసినా. ఈమెకీ అదే ఇస్తే కనిపెట్టేస్తాదని..."

"పురుగులు సచ్చినాక కూడా సెప్పలేదు," అంది నీరజ. "నేను తిండి మానేసి నా ప్రోగ్రాంలో తప్పు ఎతుకుతాంటే, టీ తెచ్చిచ్చి ఇంకోసారి సూడమన్నావు గదన్నా."

అతన్ని అన్నా అని పిలవడం అదే ఆఖరు. మంచి చిప్పును ఆమె వెనక్కి తీసుకోలేదు.

"ఇది నీ పెట్టెలోనే ఉండనీ అక్కా," అంది మునిలక్ష్మితో. "నన్ను మోసం చేసేదానికి ఇచ్చింది. నీకైనా పనికొస్తాది."