మెల్లగా వంగే కర్ర

పెళ్లిచూపుల్లో జాహ్నవి అడిగిన మొదటి ప్రశ్నకే యోగానంద తడబడ్డాడు. తీరిక దొరికితే ఏం చేస్తారని అడిగింది. సినిమాలంటాడని అనుకుంది.

"వంకలో గాలమేసుకోని కూర్చుంటా," అన్నాడు.

"చేపలు పడతాయా?"

"పడేది తక్కువ. కూర్చునేది ఎక్కువ."

ఆమె తలొంచుకుని నవ్వింది. పెద్దవాళ్లకు ఆ నవ్వు అర్థం కాలేదు గానీ అతనికి అర్థమైంది. తిరుపతిలో కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పిల్ల, సత్యవేడు దగ్గరి పల్లెలో చెరుకు పండించే తనను ఒప్పుకుందని.

తాంబూలాలు మార్చుకున్నారు. ఆదివారాలు అతను సత్యవేడు వచ్చి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసేవాడు. ఎక్కువగా వంక గురించే చెప్పేవాడు. కొండ దిగి వచ్చే సన్నటి నీళ్లు, రాళ్ల సందుల్లో బారెడు మడుగులు, అలికిడైతే మాయమయ్యే చిన్న చేపలు. అంత చిన్న చేపకు ఇంత కథా అని ఆమె ఎగతాళి చేసేది.

మాఘంలో బెల్లానికి గానుగ ఆడిస్తుంటే అతని కుడిచెయ్యి చెరుకుతో పాటు లోపలికి పోయింది. బొటనవేలు తప్ప తక్కిన వేళ్లన్నీ పోయాయి.

జాహ్నవి అమ్మానాన్నలతో ఆస్పత్రికి వెళ్లింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. వీళ్లు బయల్దేరేదాకా ఇటు తిరగలేదు. అతను ఇల్లు చేరాక వాళ్ల దగ్గర్నుంచి కబురొచ్చింది, జాతకాలు మళ్లీ చూపిస్తే కలవలేదని. జాహ్నవి తండ్రి మునస్వామి ఆ మాటను కాదనలేదు. ఆయన మొహంలో కనబడిన ఊరటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

ఆదివారాలు ఫోన్ మోగడం ఆగిపోయింది. తనంటే ఇష్టం లేకనా, తనే వద్దంటుందని ముందే తప్పుకున్నాడా? ఎండాకాలమంతా ఆమెకు అదే దిగులు.

కార్తీకంలో ముసురు పట్టుకుంది. ఒక సాయంత్రం సెంటర్ నుంచి వస్తూ, బస్టాండు వెనక వలలూ గాలాలూ అమ్మే అంగడి ముందు ఆమె ఆగింది. వానకు నిలబడిందనుకుని అంగడి పెంచలయ్య పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె లోపలికి వెళ్లి గాలం కర్ర కావాలంది. ఆయన తీసిచ్చిన ప్రతి కర్రనూ ఎడమచేత్తోనే పట్టుకుని విసిరి చూసింది. ఒకటి బరువు. ఇంకొకటి బిరుసు, రెండుసార్లు విసిరేసరికి మణికట్టు పీకింది.

"ఎడంచేతి వాటమా పాపా?" అన్నాడు పెంచలయ్య.

"నాకు కాదు. ఆయనకు. ఇప్పుడు ఎడంచెయ్యే."

ఆయన ఆమె చేతిలోని బిరుసు కర్ర తీసి పక్కన పెట్టాడు. మద్రాసు నుంచి పాత సామానుతో వచ్చి ఎవరూ కొనక పడి ఉన్న సన్నటి కర్ర ఒకటి అటక మీద నుంచి దించాడు. ఈకలు చుట్టి ఈగలాగా చేసిన గాలాలు దీనికి కడతారట. పెద్ద చేపకు పనికిరాదన్నాడు. కొన దగ్గరే కాక పిడి దాకా నిదానంగా వంగుతుందనీ, చేతి బలంతో పని లేదనీ, ముందుకు విసిరే ముందు తాడు వెనక్కి సాగేదాకా ఆగితే చాలనీ, తక్కినది కర్రే చూసుకుంటుందనీ చెప్పాడు. జాహ్నవి పట్టుకుని చూసింది. చేతిలో ఏమీ లేనట్టుంది. దాంతో పాటు ఈక గాలాలూ కొంది, ఒకటి పెంచలయ్యే కర్రకు కట్టిచ్చాడు.

ఆదివారం ఇంట్లో స్నేహితురాలి పెళ్లని చెప్పి సత్యవేడు బస్సెక్కింది. గుమ్మంలో ఆమెను చూసి యోగానంద తల్లి రుక్మిణమ్మ చేతిలోని చేట పక్కన పెట్టింది. "వంక కాడ ఉండాడు. గాలమెయ్యడు. ఊరికే కూర్చోనుంటాడు," అంది.

జాహ్నవి వంక దగ్గరికి వెళ్లింది. అతను చిక్కిపోయాడు. ఆమెను చూడగానే కుడిచేతిని పైపంచె కింద దాచుకున్నాడు. ఆమె చేతిలోని కర్రను చూసి మొహం ముడుచుకున్నాడు.

"జాలిపడి తెచ్చినావా?"

"జాలయితే ఎవురి చేతనన్నా పంపించుందును. కోపమొచ్చి నేనే తెచ్చినా."

చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. ఆమె కదలకుండా నిలబడేసరికి లేచి ఎడమచేత్తో అందుకున్నాడు. పాత అలవాటు కొద్దీ చటుక్కున విసిరాడు. తాడు ఉండచుట్టుకుని కాళ్ల దగ్గరే పడింది. మళ్లీ అంతే. అంగడాయన చెప్పిన కిటుకు ఆమె చెప్పింది. ఈసారి అతను ఆగాడు. కర్ర మెల్లగా వంగి లేచింది. తాడు సాగి మడుగు అంచున వాలింది.

గాలానికి చేప పడింది. చిన్నదే. కర్ర పిడిదాకా వంగి వణికితే, యోగానంద పెదవుల మీదికి నవ్వు వచ్చింది. అంతలో తాడు రాతికి ఒరుసుకుని తెగింది.

ఆమె ఇంకో ఈక గాలం ఇచ్చింది. అతను దాన్ని పళ్ల మధ్య పట్టాడు, మోకాళ్ల మధ్య పట్టాడు. ముడి పడలేదు. ఆమె చెయ్యి చాపితే వద్దన్నాడు. చివరికి గాలం జారి నీళ్లలో పడిపోయింది. కర్రను రాళ్ల మీద పెట్టేశాడు.

"సూసినావు గదా. ఈ ముడే వెయ్యలేనోణ్ణి. పీటల మీద అందరి ముందర నీ మెళ్లో తాళి ఎట్ల కట్టేది? నీకు నగుబాటు. అందుకే వద్దన్నా. నువ్వంటే ఇష్టం లేక కాదు."

ఇన్ని నెలలుగా దాచుకున్న నిష్ఠూరాలన్నీ ఆమె మర్చిపోయింది. వాన మొదలైంది. ఇద్దరిలో ఎవరూ చెట్టు కిందికి కదల్లేదు.

"మనోళ్లలో పెళ్లికొడుకు వేసేది ఒక ముడే గదా," అంది. "తక్కిన రెండూ ఆడబిడ్డ వేస్తాది."

"ఆ ఒక్కటీ జారిపోతే?"

"మళ్లా వెయ్యి. ఎంతసేపైనా కానీ. నేను తలొంచుకోనే కూర్చోనుంటా."

అతను తడిరాతి మీద కూలబడి ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చుంది. దాచుకున్న చేతిని పైపంచె కింద నుంచి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అతను వెనక్కి లాక్కోలేదు.

"మీ నాయన ఒప్పుకోడు," అన్నాడు.

"ఒప్పుకోడు. ఇద్దరం పొయ్యి అడుగుదాం."

ఇల్లు చేరేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. రుక్మిణమ్మ తువాలు పట్టుకుని వసారాలోనే నిలబడి ఉంది. రేపు తిరుపతికి పోతున్నాం, నువ్వూ రావాలమ్మా అని యోగానంద చెప్పాడు. తల తుడవమని ఎప్పట్లాగే అతను తల వంచాడు. ఆమె కొడుకును దాటుకుని వచ్చి జాహ్నవిని దగ్గరికి లాక్కుని, జడ విప్పి తుడవసాగింది.