విషం లేని హత్య

“రేపు ఉదయం దాకా ఆయన ప్రాణం నీ చేతుల్లో ఉంది,” అన్నాడు చీఫ్ ఫోన్లో. “మనలో దూరిన శత్రు ఏజెంట్ల కోడ్ నేమ్‌లన్నీ ఆయన తలలోనే ఉన్నాయి. మొహాలు ఆయనకూ తెలీవు.”

‘ఆయన’ శత్రుముఠాకు ఏళ్ల తరబడి కోడ్‌లు రాసిన ముసలాయన. కిడ్నీలు పాడయ్యాక లొంగిపోయాడు. విచారణ కమిటీ ముందు తప్ప నోరు విప్పనన్నాడు.

ఆస్పత్రిలో వార్డ్‌బాయ్ వేషంలో ఉన్న ఏజెంట్ డేగ ఆయన్ని కంటికి రెప్పలా కాస్తున్నాడు. నర్సు వేషంలో ఉన్నది మెరుపు. శత్రువుల మధ్య మన మనిషిగా తిరిగొచ్చిన డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే గన్‌మెన్ కూడా దారి వదిలేవాళ్లు. ఆమె ఇచ్చే విటమిన్ క్యాప్సూళ్లను డేగ విషాన్ని పసిగట్టే పెన్ స్కానర్‌తో పరీక్షించి, పచ్చలైటు వెలిగాకే ముసలాయన నోట్లో వేసేవాడు.

చీఫ్ ఫోన్ చేసిన ఆ ఉదయమే ముసలాయన పుక్కిలిస్తే వాష్‌బేసిన్ ఎర్రబడింది. మోచేతి మీద నేరేడు రంగు మచ్చలు.

“చిగుళ్లే నాయనా, వయసైంది కదా,” అన్నాడాయన.

డేగ మనసు కీడు శంకించింది. ఒక క్యాప్సూల్ ల్యాబ్‌కు పంపాడు. ముసలాయన్ని డయాలిసిస్‌కు తీసుకెళ్లాక జవాబొచ్చింది.

“ఇది విటమిన్ కాదు, యాంటీబయాటిక్,” అంది ల్యాబ్ డాక్టరమ్మ. “రక్తం గడ్డకట్టాలంటే విటమిన్ కె కావాలి. కొంత ఆకుకూరల్లో దొరుకుతుంది, కొంత పేగుల్లోని మంచి బ్యాక్టీరియా తయారుచేస్తుంది. కిడ్నీ పేషెంట్లకు అది ముందే తక్కువ.”

“ఆకుకూరల్లో పొటాషియం ఎక్కువని మెరుపు పూర్తిగా మాన్పించింది.”

“బ్యాక్టీరియాని నువ్వు మాత్రలతో చంపావు. ఇప్పుడు డయాలిసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఎక్కిస్తే రక్తం ఆగదయ్యా! పోస్ట్‌మార్టంలో విషమూ దొరకదు. పరుగెత్తు!”

డేగ తలుపు తోసుకుని వెళ్లేసరికి మెరుపు బొటనవేలు హెపారిన్ సిరంజి మీద ఉంది.

“సూది కింద పెట్టు!”

“రోజూ అందరికీ ఇచ్చేదే. స్కాన్ చేసుకో,” అని నవ్వింది.

పచ్చలైటే వెలిగింది. అయినా డేగ ఆమె మణికట్టు ఒడిసిపట్టాడు. సిరంజి నేల మీద పడి పగిలింది.

“మాత్రలు మింగించింది నీ చెయ్యే కదా!” అంది మెరుపు, గన్‌మెన్ లాక్కుపోతుంటే.

విటమిన్ కె ఇంజెక్షన్లు, ప్లాస్మా ఎక్కించాక ముసలాయన తేరుకున్నాడు. మర్నాడు కమిటీ ముందు కోడ్ నేమ్‌లన్నీ చెప్పాడు. డేగకు మాత్రం తన చేతులు చూసుకుంటే అన్నం సయించలేదు.

“నా చేతులతోనే ఇచ్చాను, పెద్దాయనా.”

“నేను రాసిన కోడ్‌లతో ఎంతమంది పోయారో! వాళ్లలో ఒక్కరి మొహమూ ఎరగను,” అన్నాడు ముసలాయన. “నువ్వు నా మొహం చూసి అనుమానించావు. అందుకే బతికాను.”

అయినా ఆ తర్వాత ఏ విటమిన్ మాత్రైనా డేగ ముందుగా తనొకటి మింగితేనే ఆయన నోరు తెరిచేవాడు. ముసలాయన లోటు తీరిందో లేదో గానీ, డిపార్ట్‌మెంట్ మొత్తంలో విటమిన్ల కొరత లేని ఏజెంట్ డేగ ఒక్కడే.