అతుకు లేని గొట్టం

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తాను పక్కన లేని పది నిమిషాల్లో పాపకేమైనా అవుతుందేమోనని. తుపాకులు, విషపు సూదులు, విదేశీ ముఠాలు ఆ తర్వాతే.

గూఢచారి శాఖలో ఆమె కోడ్‌నేమ్ చీపురు. చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది కాబట్టి ఏ మిషన్‌కైనా ఆమెకు తుడిచే వేషమే ఇచ్చేవారు. వేషమని పేరే గానీ, నిజంగా తుడవాల్సిందే.

ఈసారి బ్రీఫింగ్ ఒక లాండ్రీ వెనక గదిలో. పెద్దసారు కర్టెన్లు అమ్మేవాడి వేషంలో వచ్చాడు. పెట్టుడు మీసం ఎడమవైపు ఊడి వేలాడుతోంది.

"టార్గెట్, రాకెట్ ఇంజన్ లోపలి గొట్టం," అన్నాడు గొంతు తగ్గించి. గదిలో వాళ్ళిద్దరే ఉన్నారు. "రేపు మధ్యాహ్నం పన్నెండింటికి టెస్ట్. అది పేలిపోవాలని ఒక విదేశీ ముఠా ప్లాన్ వేసింది. భయం లేదు, సెంటు మేడమ్ అక్కడే ఉంటుంది. ముఠాలో చేరిన మన మనిషి. టాప్ ఏజెంట్."

"మరి నేనెందుకు సార్?"

"ఎవరో ఒకళ్ళు అక్కడ తుడవాలి కదా."

మీసం పూర్తిగా రాలింది. ఆయన చూసుకోలేదు.

"పాపనెక్కడ వదలను సార్?"

"అక్కడే పిల్లల గది ఉంది. టెస్ట్ హాలు గోడకి అవతలే. సేఫ్."

ఆయన నోట సేఫ్ అన్న మాట వినగానే ఆమె ఆ గది ఆయా ఫోన్ నంబరు అడిగి రాసుకుంది.

మర్నాడు పదకొండుంపావుకి ల్యాబ్‌లో గొట్టాన్ని బల్ల మీద నిలబెట్టి డాక్టరుగారు అతిథులకు ఉపన్యాసం ఇస్తున్నారు. రోగుల్ని చూసే డాక్టరు కాదు, పదార్థాల మీద డాక్టరేటు చేసిన మనిషి. ఆయన మాటలు ఆయనకే ఎంతో బాగున్నాయి.

"లోపల మంట రెండువేల డిగ్రీలు. దాన్ని సిరామిక్ తట్టుకుంటుంది. బలానికి బయటివైపు నికెల్ కావాలి. రెండింటినీ ఊరికే అతికిస్తే? వేడికి నికెల్ ఎక్కువ సాగుతుంది, సిరామిక్ తక్కువ సాగుతుంది. సరిగ్గా అతుకు దగ్గర చిట్లి పేలుతుంది. అందుకే గ్రేడెడ్ లేయర్స్! మొదటి పొర మొత్తం నికెల్. రెండోదాంట్లో పదోవంతు సిరామిక్. మూడోదాంట్లో ఇంకాస్త. పదకొండో పొరకి వచ్చేసరికి మొత్తం సిరామిక్!"

"పాపకి పాలు మాన్పించినట్టన్నమాట," అంది ఆమె గుడ్డ పిండుతూ. "కాస్త కాస్త తగ్గిస్తే తెలీదు. ఒక్కసారి ఆపేస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది."

అతిథులు నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు.

"ఇరవై ఏళ్ళ పరిశోధనమ్మా ఇది. పాలసీసా కాదు."

అప్పుడు ముందు వాసన వచ్చింది, వెనకాల సెంటు మేడమ్ వచ్చింది. బంగారు ఫ్రేము కళ్ళద్దాలు, పెన్సిలంత సన్నటి మడమల చెప్పులు. వంగి గొట్టం అంచు చూసింది.

"వావ్ డాక్టర్! అతుకు ఎంత నీట్‌గా కుదిరిందో!"

డాక్టరుగారు పొంగిపోయారు. పొగడ్త వినబడింది గానీ దేన్ని పొగిడిందో వినబడలేదు.

చీపురు చేతిలో గుడ్డ ఆగింది. అతుకా? ఆ గొట్టం గొప్పంతా అతుకు లేకపోవడమే కదా!

నేల మీద పడిన నికెల్ పొడి ఎత్తడానికి ఆమె తుడుపుకర్రకు ఒక అయస్కాంతం ఉంది. శాఖ ఇచ్చిన గాడ్జెట్ కాదు, అందుకే పనిచేస్తుంది. అయస్కాంతం నికెల్‌ని పట్టుకుంటుంది, సిరామిక్‌ని పట్టుకోదు. పొర పొరకీ పట్టు కొంచెం కొంచెంగా సడలాలి. వేలిముద్రలు తుడిచే నెపంతో ఆ అయస్కాంతాన్ని ఊడదీసి, గుడ్డలో పట్టుకుని గొట్టం అంచు మీద బయటినుంచి లోపలికి జరిపింది. పట్టు. పట్టు. పట్టు. టక్కున వదిలేసింది.

అక్కడే అతుకు. గొట్టం మార్చేశారు.

"డాక్టరుగారూ, ఇది మీరు చేసింది కాదండీ."

"చెయ్యి తియ్యమ్మా, జిడ్డంటుతుంది!"

మనుషులొచ్చి గొట్టాన్ని టెస్ట్ హాలులోకి మోసుకుపోయారు. ఆమె మూలకు వెళ్ళి, టిఫిన్ బాక్సు మూతలోని ట్రాన్స్‌మిటర్ నొక్కింది.

"సార్, గొట్టం మారింది. సెంటు మేడమ్ వాళ్ళ మనిషే."

"నీకేం తెలుసు? ఆవిడకి నాలుగు భాషలొచ్చు!"

"నాలుగింట్లోనూ అబద్ధమే చెప్తోంది సార్."

"నువ్వు తుడుచుకో." లైన్ కట్.

పన్నెండుకి పది నిమిషాలు. ఆమె పిల్లల గది ఆయాకి ఫోన్ చేసింది.

"అక్కా, పిల్లలందర్నీ గేటు అవతలికి తీసుకుపో. ఇప్పుడే."

"ఏమైందే?"

"తర్వాత చెప్తా."

"పధ్నాలుగు మందున్నారే! ఆరుగురికి నడకే రాదు. సరే, పెట్టెయ్ ఫోను."

ఆ భవనంలో చెప్పగానే కదిలిన మనిషి ఆ ఒక్కతే. చీపురు కాళ్ళు కూడా పిల్లల గదివైపే లాగాయి. కానీ పది నిమిషాల్లో పధ్నాలుగు మందీ గేటు దాటుతారన్న నమ్మకం లేదు. బకెట్ ఎత్తుకుని కంట్రోల్ రూములోకి నడిచింది.

నాలుగు తలుపుల దగ్గర పాసు చూపించి చేరేసరికి కౌంట్‌డౌన్ ఇరవై సెకన్లలో ఉంది. గడియారం కింద ఎర్ర స్టాప్ బటన్. దాని ముందు సెంటు మేడమ్, చేతిలో మూత తీసిన లిప్‌స్టిక్. లోపల రంగు లేదు, సన్నటి గొట్టముంది.

"ఇక్కడ తుడిచేదేమీ లేదు," అంది మేడమ్ తియ్యగా.

"ఉంది మేడమ్," అని చీపురు సబ్బునీళ్ళ బకెట్ గుమ్మరించింది.

పెన్సిల్ మడమలు చెరో దిక్కుకీ పోయాయి. విషపు సూది సీలింగ్‌లో దిగింది. "అయ్యో, నా ఫ్లోరు!" అని మూల కుర్చీలోంచి డాక్టరుగారు అరిచారు. మూడు. రెండు. చీపురు తన కర్ర చాపి, చివరతో ఎర్ర బటన్‌ని పొడిచింది. "ఒకటి" అనబోయిన స్పీకరు నోరు మూసుకుంది.

సాయంత్రం గొట్టాన్ని కోసి చూస్తే, నికెల్‌కీ సిరామిక్‌కీ మధ్య దారంలా ఒకే ఒక్క గీత. పట్టుబడ్డ సెంటు మేడమ్ చూపించిన ముఠా వ్యానులో అసలు గొట్టం నలభై ముక్కలై దొరికింది. అతుకు ఎక్కడుందో చూద్దామని ఆ ముఠా మహా నిపుణులు ముందురోజు రాత్రంతా కోస్తూనే ఉన్నారట. పక్కనే నోట్‌బుక్‌లో రాసుకున్నారు: "అతుకును అత్యంత రహస్యంగా దాచారు."

పాప గేటు అవతల మట్టి తింటూ కనిపించింది. ఆమె తిట్టలేదు, ఎత్తుకుని మూతి తుడిచింది.

పతకం పెద్దసారుకి వచ్చింది. ప్రమోషన్ డాక్టరుగారికి వచ్చింది. నడవలేని ఆరుగుర్నీ రెండు విడతలుగా చంకనేసుకుని పరిగెత్తిన ఆయాకి నడుం పట్టేసింది. శాఖ రికార్డుల్లో ఆ ఆయా ఊసే లేదు కాబట్టి శాఖవాళ్ళెవరూ వెళ్ళి అడగరు. మీరు అటువైపు వెళ్తే ఒకసారి తలుపు తట్టి, ఎలా ఉందో చూసి రండి. లేచి తీయడానికి కాస్త టైం పడుతుంది, కంగారుపడకండి.