తూర్పు కిటికీకి అట్టముక్క

"నా కిటికీకి అట్ట అంటించింది ఎవరు?"

ఫిర్యాదుల విభాగం మొత్తం తలెత్తి చూసింది. ఆ ఆఫీసు భవనాన్ని డిజైన్ చేసిన ఆర్కిటెక్టు గుమ్మంలో నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"కిటికీ మీదే కావచ్చు, కళ్ళు మాత్రం నావండీ," అన్నాడు కిటికీ పక్క సీటు అబ్బాయి.

"పగలు ఒక్క లైటూ వెయ్యక్కర్లేకుండా కట్టానీ బిల్డింగ్. మీ అట్ట పుణ్యమా అని ఈ వరసంతా లైట్లే! పగలు లైటు వెలిగితే చాలు, నా ఫోనుకు మెసేజ్! వచ్చే నెల ఇన్‌స్పెక్షన్. గ్రీన్ సర్టిఫికెట్ రాకపోతే నాకింకో బిల్డింగ్ ఎవరిస్తారు?"

"నాలుగింటికి నా కుర్చీలో కూర్చుని చూడండి."

కూర్చుంది. నిమిషంలో కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఎండ ఎదురు బిల్డింగ్ అద్దాల మీంచి తిరిగొస్తోంది! అది కట్టకముందు వేసిన డిజైన్ ఇది," అంది నీరసంగా.

అతనికి జాలేసింది. బల్ల మీది ఫైళ్ళు పక్కకు జరిపాడు. కింద పెన్సిలు గీతలు, పక్కన తేదీలు.

"రోజూ ఎండ ఎందాకా వస్తుందో గీసుకున్నాను. కుర్చీ ఎంత జరుపుకోవాలో తెలియాలిగా. ఎనిమిది నెలలవి."

"అట్టముక్కగారూ, మీరు దేవుడండీ!"

ఆ మాటతో అతని పని అయిపోయింది.

రెండు వారాలు ఆమె రోజూ నాలుగింటికి వచ్చి, కిటికీ బయట చెక్కపలకలు ఎంత వాల్చి బిగించాలో కొలుచుకుంది. అతను టేపు రెండో కొస పట్టుకున్నాడు. పలకలు బిగిస్తే ఆమెకిక ఇక్కడ పనుండదని తెలుసు. అయినా టేపు ఒక్కసారి కూడా తప్పుగా పట్టుకోలేదు.

ఇన్‌స్పెక్షన్ గట్టెక్కింది. సర్టిఫికెట్ గోడకెక్కింది. వారం గడిచింది. నాలుగింటికి ఎండ రావడం లేదు, ఆమె కూడా రావడం లేదు. అతనికి ఏమీ తోచలేదు.

పగలు లైటు వెలిగితే ఆమె ఫోనుకు మెసేజ్ వెళుతుందని గుర్తొచ్చింది. ఎనిమిదో రోజు అట్ట అంటించి లైటు వేశాడు.

నాలుగింటికల్లా ఆమె ఊడిపడింది. అట్ట పీకి పారేసి కుర్చీలో కూర్చుంది. మెత్తటి వెలుతురు తప్ప ఏమీ లేదు.

"ఎండేదీ?"

అతను గబగబా ఫైళ్ళు గీతల మీదికి జరపబోయాడు. ఆమె చూపు బల్ల మీద పడింది. చివరి గీతల చుట్టూ సున్నాలు.

"ఇవేంటి?"

"మీరొచ్చిన రోజులు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీరు రాకపోతే నాకేం బాగుండటం లేదండీ."

ఆమె పెన్సిలు తీసుకుని ఖాళీలో ఒక సున్నా చుట్టింది.

"ఇదేంటి?"

"రేపు."

"రేపు ఆదివారం. ఆఫీసుండదు."

"మా ఇల్లుంటుందిగా. 'ఎవరే ఆ అట్టముక్క, ఎప్పుడూ అతని మాటే' అని మా అమ్మ ప్రాణం తీస్తోంది. నాలుగింటికి రండి."

గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అట్ట మాత్రం తేకండి."