మగర్‌ని పిలిచిన బకెట్

డింగీ పడవ గట్టుకి తగలగానే ఎర్ర టోపీ పెద్దాయన కెమెరాని సంచిలో పడేసి జిప్పు లాగేశాడు. ఆ లాగడంలోనే కోపం కనబడింది. మిగతా ముగ్గురూ ముఖాలు వేలాడేసుకుని దిగారు. రెండు రోజులుగా పొద్దున్నా సాయంత్రమూ నీళ్ళ మీద తిరిగారు. కొంగలు కనబడ్డాయి, బాతులు కనబడ్డాయి. చూడ్డానికొచ్చిన మొసలి మాత్రం కనబడలేదు.

బేబీరాణి అప్పుడే బడి నుంచి వచ్చింది. పుస్తకాల సంచి భుజాన ఉండగానే గట్టు మీద నిలబడి వాళ్ళని చూసింది. తర్వాత డింగీ కడుతున్న నాన్నని చూసింది. అసిరయ్య తాడుకి ఒక ముడి సరిపోయే చోట మూడు ముళ్ళు వేస్తున్నాడు. మనసు బాగోలేనప్పుడు ఆయన చేతులు అలాగే పనిచేస్తాయి.

ఈ నీళ్ళ సంగతి చెప్పాలి. ఆరేళ్ళ క్రితం ఇక్కడ నీళ్ళు లేవు. ఈ దీవిలోని సిప్పీఘాట్‌లో ఈ పల్లమంతా వరి పొలాలు, కొబ్బరి చెట్లు. సునామీ వచ్చిన రోజు భూకంపానికి ఇక్కడి నేల కుంగిపోయింది. సముద్రం లోపలికి వచ్చింది. వచ్చిన సముద్రం మళ్ళీ పోలేదు. పోటుకి నిండుతుంది, ఆటుకి కాస్త తగ్గుతుంది. చచ్చిపోయిన కొబ్బరి చెట్ల మొద్దులు నీళ్ళలో అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మీదికి పక్షులు వచ్చాయి. మడచెట్ల మధ్య ఉప్పునీటి కాలువ ఒకటుంది, దాన్ని ఖాడీ అంటారు. ఆ ఖాడీలోంచి ఒక పెద్ద మొసలి వచ్చింది. మొసలిని ఇక్కడ అందరూ హిందీలో మగర్ అనే అంటారు. మగర్ వెనకాలే కెమెరాలవాళ్ళు వచ్చారు.

ఒకళ్ళ పొలం మునిగిపోతే ఇంకొకళ్ళకి అది మంచి ఫొటో అయింది. నాకైతే ఇప్పటికీ మింగుడు పడదు. కానీ ఆ ఫొటోల వల్లే అసిరయ్య ఇంటి పట్టున ఉంటున్నాడు. అది కూడా నిజమే.

కెమెరాలవాళ్ళని తీసుకొచ్చేది పూర్ణచంద్ర. ఆయనది సముద్రం అవతల, మెయిన్‌లాండ్. మధ్యప్రదేశ్ అడవుల్లో జనాన్ని జీపు ఎక్కించి పులుల్నీ చిరుతల్నీ చూపించడం పదిహేనేళ్ళుగా ఆయన పని. చలికాలంలో మూడు నాలుగు బృందాల్ని ఇక్కడికి కూడా తెస్తాడు. అసిరయ్య డింగీ నడుపుతాడు.

జీపులో పెట్టిన రూల్సే డింగీలోనూ పెట్టాడాయన. మాట్లాడకూడదు. కిందికి దిగకూడదు. తిండి వెయ్యకూడదు. పిలవకూడదు.

"పులి మన దగ్గరికి రాకూడదు. మనమే అది ఉన్న చోటికి వెళ్ళి, దూరంగా ఆగి, కనబడితే చూడాలి. కనబడకపోతే ఇంటికి పోవాలి. మగర్‌కీ ఇదే రూల్" అని ప్రతి బృందానికీ చెప్పేవాడు.

గట్టు మీద నిలబడి వినీ వినీ బేబీరాణికి ఆ రూల్స్ ఎక్కాల్లా వచ్చేశాయి. ఎక్కాల్లా అంటే అప్పజెప్పడం వచ్చు, అంతే.

ఆ సాయంత్రం ఎర్ర టోపీ ఆయన హిందీలో చాలాసేపు సణిగాడు. పులుల అడవిలో మొదటి రోజే మూడు పులుల్ని చూశాడట. ఇక్కడ మాత్రం కొంగలకి కాపలా కాసినట్టయిందట. వచ్చే ఏడు ఈ దీవులకి రావడం దండగన్నాడు. అసిరయ్య అన్నీ విన్నాడు.

ఇంటికొచ్చాక అసిరయ్య భార్య గురమ్మతో మెల్లిగా అన్నాడు.

"ఈలు రావడం మానేస్తే నాను మళ్ళీ గవరయ్య బోటుకి ఎల్లిపోవాల. ఏటి చేస్తాం."

గురమ్మ చేపలు కోస్తున్న కత్తి ఆపింది. మళ్ళీ కోయడం మొదలుపెట్టింది.

బేబీరాణికి ఆ మాట వినబడింది. అసిరయ్యకున్న సొంత బోటు సునామీలో ముక్కలైంది. తర్వాత మూడేళ్ళు గవరయ్య చేపల బోటులో పనికెళ్ళాడు. వెళితే పది పన్నెండు రోజులు సముద్రంలోనే. ఆ రోజుల్లో అమ్మ కంచంలో అన్నం సగం అలాగే ఉండిపోయేది. గాలి గట్టిగా వీస్తే లేచి తలుపు తీసేది. నాన్న ఆ బోటెక్కకుండా ఉండాలంటే ఒక్కటే దారి. మగర్ కనబడాలి.

గురమ్మ బజారులో అమ్మడానికి చేపలు కోసి శుభ్రం చేస్తుంది. పేగులు, మొప్పలు, తలకాయలు ఒక రేకు బకెట్‌లో పడతాయి. దాన్ని ఇంటి వెనక గోతిలో పూడ్చి రావడం బేబీరాణి పని. ఆ రోజు ఆమె గోతి దగ్గరికి వెళ్ళలేదు. రోడ్డు కింది కల్వర్టు పక్కకి వెళ్ళింది. గట్టు మీద నిలబడి బకెట్ పిడిని రెండుసార్లు టంగు టంగుమని కొట్టి, ఉన్నదంతా నీళ్ళలోకి విసిరింది.

మర్నాడు పొద్దున్నకి నీళ్ళలో తలకాయలు లేవు. ఆమె మళ్ళీ కొట్టింది, మళ్ళీ విసిరింది. ఈసారి నీళ్ళ మీద రెండు కళ్ళు తేలాయి. బేబీరాణి బకెట్‌ని గట్టిగా పట్టుకుంది. భయంతో సగం, సంతోషంతో సగం.

ఆ మధ్యాహ్నం మగర్ కల్వర్టు పక్క బురదలో పొడుగ్గా పడుకుని దొరికింది. కెమెరాలు టకటకమన్నాయి. ఎర్ర టోపీ ఆయన అసిరయ్య భుజం తట్టి, వచ్చే ఏడు తమ్ముణ్ణి కూడా తెస్తానన్నాడు. పూర్ణచంద్ర కూడా నవ్వాడు. తర్వాత అది గట్టుకి ఎంత దగ్గరగా వచ్చిందో చూసి నవ్వు ఆపాడు. దిగి బేబీరాణి దగ్గరికి వచ్చి, ఇక్కడెవరైనా దానికి తిండి వేస్తున్నారా అని అడిగాడు.

"లేదు సార్" అంది బేబీరాణి. అబద్ధం అంత సులువుగా వస్తుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు.

ఆ చలికాలమంతా అలాగే సాగింది. రెండో బృందం వచ్చింది, మూడో బృందం వచ్చింది. ఒక్కరు కూడా ముఖం వేలాడేసుకుని వెళ్ళలేదు. అసిరయ్య తాడుకి ఒక్క ముడే వేస్తున్నాడు. మగర్ ఇప్పుడు విసరకముందే వస్తోంది. పిడి టంగుమంటే చాలు, నీళ్ళలో గీత గీసినట్టు వచ్చేస్తుంది. తన మాట వినే మగర్ ఉన్న పిల్ల ఈ దీవుల్లో తనొక్కతే అనుకుని బేబీరాణి లోపల్లోపల పొంగిపోయింది.

వాసవి బేబీరాణి బెంచీలోనే కూర్చుంటుంది. వాళ్ళమ్మ ప్రమీల టీచరు. బేబీరాణికి తెలుగు మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం సరిగా రాదు. రోజూ భోజనాల గంటలో వాసవే కూర్చోబెట్టి గుణింతాలు నేర్పేది. వాసవికి చీకూ అనే గోధుమ రంగు కుక్క ఉంది. దానికి పిడుదులు పట్టాయి. ఉప్పునీళ్ళతో కడిగితే పోతాయని ఎవరో చెప్పారు.

ఒక శనివారం సాయంత్రం వాసవి చీకూని తీసుకుని కల్వర్టు దగ్గరికి వెళ్ళింది. ఆ గట్టున అందరూ కాళ్ళు కడుక్కుంటారు, గిన్నెలు తోముకుంటారు. మగర్ ఈ మధ్య ఇటు వస్తున్నా మనుషుల జోలికి రాలేదు కాబట్టి ఎవరికీ భయం లేదు. వాసవి నీళ్ళు ముంచడానికి ఒక రేకు బకెట్ తెచ్చుకుంది.

బకెట్ గట్టు మీద పెడుతుంటే పిడి టంగుమంది.

అప్పుడే వీధి చివర నుంచి వస్తున్న బేబీరాణికి ఆ చప్పుడు వినబడింది. నీళ్ళలో గీత కనబడింది. ఆమె అరిచింది. వాసవి వెనక్కి తిరిగి రెండడుగులు ఇటు వేసింది. ఆ తిరగడమే వాసవిని కాపాడింది. చీకూ నీళ్ళకి అడ్డంగా నిలబడి ఉంది. ఒక్కసారి మొరిగింది. నీళ్ళు ఎగిసిపడ్డాయి. గొలుసు వాసవి అరచేతిని కోసుకుంటూ జారిపోయింది.

నీళ్ళు మళ్ళీ సర్దుకున్నాయి. వాసవి బురదలో కూర్చుని చీకూ, చీకూ అని పిలుస్తూనే ఉంది. ఇద్దరు మనుషులు ఆమెని ఎత్తుకుని ఇంటికి తీసుకెళ్ళాల్సి వచ్చింది.

మర్నాడు ఫారెస్టువాళ్ళు పెద్ద ఇనప బోను తెచ్చి కల్వర్టు పక్కన పెట్టారు. లోపల చచ్చిన కోడిని కట్టారు. ఒక రోజు గడిచింది, రెండు రోజులు గడిచాయి. మగర్ జాడ లేదు. మూడో రోజు సాయంత్రం గార్డు విసుక్కున్నాడు. అది ఖాడీ దాటి వెళ్ళిపోయి ఉంటుంది, రేపు బోను తీసేస్తామన్నాడు. మరి పిల్లల్ని నీళ్ళ దగ్గరికి పంపొచ్చా అని ఎవరో అడిగారు. పంపొచ్చేమో అన్నాడు గార్డు.

అది వెళ్ళిపోలేదని బేబీరాణికి తెలుసు. ఇంకెవరో ఇంకో బకెట్ తెస్తారని కూడా తెలుసు. చెబితే నాన్న డింగీ పోతుంది. చెప్పకపోతే ఇంకొక పిల్ల పోతుంది. ముందుకొచ్చి గార్డుకీ, నాన్నకీ, మూడో బృందంతో ఇంకా అక్కడే ఉన్న పూర్ణచంద్రకీ వినబడేలా చెప్పింది.

"అది ఎక్కడికీ ఎల్లలేదు. బకెట్ కొడితే వస్తాది. నానే అలవాటు చేశాను."

వెనకాల ప్రమీల టీచరు పక్కన వాసవి నిలబడి ఉంది. చేతికి కట్టుంది. బేబీరాణికి ఆ వైపు చూడ్డానికి ధైర్యం చాలలేదు.

అసిరయ్య వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. పూర్ణచంద్ర ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"మా అడవిలో ఒక పులికి ఇలాగే చేశారు" అన్నాడు. "ఫొటోల కోసం దూడని కట్టేవాళ్ళు. మనిషి దగ్గర తిండి ఉంటుందని దానికి అర్థమైంది. ఆ తర్వాత అది ఊళ్ళోకే వచ్చింది. ఇప్పుడు బోనులో గోడల చుట్టూ తిరుగుతోంది. నీకు రూల్ చెప్పాను గానీ, ఎందుకో చెప్పలేదు. తప్పు నాక్కూడా ఉంది."

గార్డు అందర్నీ దూరంగా పంపేశాడు. అసిరయ్య కూతురి నడుం చుట్టూ చెయ్యి వేసి గట్టిగా పట్టుకున్నాడు. బేబీరాణి బకెట్ పిడి ఎత్తి వదిలింది. టంగు. టంగు.

మగర్ వచ్చింది. రోజూ వచ్చినట్టే, ఆలస్యం చెయ్యకుండా వచ్చింది. బోనులోకి వెళ్ళింది. తలుపు పడింది. లోపల అది కొట్టుకుంటుంటే బోనంతా అదిరింది. అది తనని నమ్మి వచ్చిందని బేబీరాణికి తెలుసు. నాన్న చొక్కాలో ముఖం పెట్టుకుని ఏడ్చింది. అది చీకూని చంపిన మగరే. అయినా ఏడుపు ఆగలేదు.

దాన్ని లారీ ఎక్కించి జూకి తీసుకెళ్ళారు. ఆ ఏడు ఇంక బృందాలు రాలేదు. అసిరయ్య గవరయ్య బోటెక్కాడు. గురమ్మ కంచంలో మళ్ళీ అన్నం మిగులుతోంది. వాసవి బెంచీ మారింది. బేబీరాణి వెళ్ళి క్షమించమని అడిగితే, చీకూ పేరు నువ్వు ఎత్తొద్దు అంది. భోజనాల గంటలో బేబీరాణి ఒక్కతే తెలుగు పుస్తకం ముందేసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కూర్చుంటోంది.

మళ్ళీ చలికాలం వచ్చింది. పూర్ణచంద్ర పక్షుల కోసమని ఒక చిన్న బృందాన్ని తెచ్చాడు. అందులో ఎర్ర టోపీ ఆయన ఉన్నాడు. అన్నట్టుగానే తమ్ముణ్ణి తెచ్చాడు. అసిరయ్య సముద్రంలో ఉన్నాడు కాబట్టి ఈసారి డింగీ సూరయ్య అనే ఊరివాడిది. ఎర్ర టోపీ ఆయన తిరిగొచ్చి గట్టు మీదికి దిగుతూ, చేతిలో బకెట్‌తో వెళుతున్న బేబీరాణిని ఆపాడు. మగర్‌ని పిలిచే అమ్మాయివి నువ్వే కదా అన్నాడు. ఇంకొకటి వచ్చిందని విన్నాం, ఒక్కసారి పిలువు బేటీ అన్నాడు. ఆయన తమ్ముడు అప్పుడే కెమెరా తీశాడు.

ఇంకొకటి వచ్చిన మాట నిజమే. చిన్నది. చచ్చిన కొబ్బరి మొద్దుల మధ్య అవతల ఎక్కడో తిరుగుతోంది. బేబీరాణి దాన్ని రెండుసార్లు చూసింది. పిలిస్తే అది వస్తుంది, వీళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు. నాన్న గవరయ్య బోటు మానేసి డింగీకి తిరిగి రావచ్చు. ఇదంతా ఒక్క క్షణం ఆమె కళ్ళ ముందు మెదిలింది.

"అది రాకూడదు అంకుల్" అంది. "మీరే డింగీలో దూరంగా ఆగి చప్పుడు లేకుండా కూర్చోండి. కనబడితే చూడండి. కనబడకపోతే ఇంటికెళ్ళండి."

తను చెప్పాల్సిన మాట ఆమె నోట విని పూర్ణచంద్ర తల దించుకున్నాడు. ఎర్ర టోపీ ఆయన ముఖం వేలాడేశాడు. వీధి అవతల మెట్ల మీద కూర్చున్న వాసవి ఇటే చూస్తోంది. పలకరించలేదు. లోపలికీ వెళ్ళిపోలేదు.

బేబీరాణి నీళ్ళకి వీపు పెట్టి, చుట్టుదారిన ఇంటి వెనక గోతి వైపు నడిచింది. బకెట్ పిడికి ఆ చివర నుంచి ఈ చివరదాకా పాత గుడ్డ చుట్టి, దారంతో గట్టిగా కట్టి ఉంది. ఆమె నడుస్తుంటే పిడి అటూ ఇటూ ఊగింది. చప్పుడు మాత్రం రాలేదు.