సున్నంతో గీసిన సెంటరు

"మీరు మరుగుదొడ్లో నిలబడ్డారు. కాస్త పక్కకి జరగండి."

ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇదే. పొద్దున్నే షాపు షట్టరెత్తి, చీపురు పట్టుకుని బయటికొచ్చాను. చూస్తే నా చుట్టూ నాలుగు వైపులా తెల్లటి సున్నం గీత.

"ఇది మా షాపు ముందు ఖాళీ స్థలమండీ."

"నిన్నటిదాకా. ఇప్పుడు పబ్లిక్ టాయిలెట్. మీరున్నది ఆడవాళ్ళ వైపు."

నేను జరిగాను. ఆడవాళ్ళ వైపని తెలిశాక ఇంకా నిలబడటం మర్యాద కాదు.

ఆమె చంకలో చుట్టచుట్టిన పెద్ద కాగితం, చేతిలో సున్నం డబ్బా, మోచేతుల దాకా సున్నం. ముక్కు మీద కూడా ఒక చుక్క ఉంది. చెబుదామనుకున్నాను. చెబితే తుడిచేసుకుంటుందని మానేశాను.

మాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన ఫ్యాన్లూ, మిక్సీలూ, నీళ్ళ మోటార్లూ విప్పి కొత్త రాగితీగ చుట్టి ఇస్తాం. చుట్టేది నేను. కస్టమర్లని తిట్టేది మా నాన్న.

"ఎవర్రా అది?" లోపల్నుంచి కేకేశాడు.

"ప్లానింగ్ ఆఫీసు వాళ్ళు నాన్నా. మన ముందు మరుగుదొడ్లు కడతారట."

నాన్న ఒంటికాలి మీద లేచాడు.

"ఏమ్మా, ఏంటిదంతా?"

"నోడ్ అండీ."

"అంటే?"

"బస్సు, చిన్న ఆసుపత్రి, సంత, లైబ్రరీ అన్నీ ఒక్కచోటే ఉంటాయండీ. చుట్టుపక్కల జనమంతా అక్కడికే వస్తారు."

"అంటే సెంటరు."

"అంతేనండీ."

"మరి సెంటరు అని ఏడవచ్చుగా?"

"సెంటరంటే నిధులు రావండీ."

నాన్నకి ఆ జవాబు నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడం ఆయన ఒంట్లో లేదు కాబట్టి, "సున్నం పిల్ల" అని పేరు పెట్టి లోపలికి పోయాడు.

మా కాలనీ కొండవాలు మీద ఉంటుంది. నగరంలో ఇళ్ళు పోగొట్టుకున్న వాళ్ళందరికీ ఎప్పుడో ఇక్కడ స్థలాలిచ్చారు. స్థలాలిచ్చాక మిగతావి ఇవ్వడం మర్చిపోయారు. బస్సు కొండ కింద మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. పైనున్నవాళ్ళు ఏ పనికైనా కొండ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఆ రోడ్డు దగ్గర్నుంచి కొండ మీద మా షాపు దాకా కాలనీ నడుమ పొడుగ్గా ఒక ఖాళీ స్థలం ఉంది. సెంటరు వచ్చేది అందులోనే.

ఆ ఆఫీసుకి ఒక పద్ధతుంది. ఏం కట్టాలన్నా ముందు అసలు సైజులో నేల మీద సున్నంతో గీస్తారు. జనం కొన్నాళ్ళు ఆ గీతల్లో తిరిగి చూసుకుని, మీటింగులో చేతులెత్తితేనే ప్లాను ఖాయం.

గీసిన దాని ప్రకారం పైన మా ముందు మరుగుదొడ్లు, మధ్యలో సంత, లైబ్రరీ. అట్టడుగున, మెయిన్ రోడ్డు పక్కన, ఆసుపత్రి, బస్‌స్టాపు. అంటే బస్సు ఎక్కడ ఆగుతోందో అక్కడే మళ్ళీ బస్‌స్టాపు కడతారన్నమాట. ఎవరికీ అనుమానం రాలేదు. ప్రభుత్వం పనులు అలాగే ఉంటాయని అందరికీ అలవాటే.

తిరిగి చూడమంటే జనం నిజంగానే తిరిగారు. ఇస్త్రీ అత్త తన బండిని సంత గీతల్లోకి తోసుకొచ్చి, మూల స్థలం నాదేనని ప్రకటించింది. లైబ్రరీ గీతల్లో ఇద్దరు తాతలు కుర్చీలేసుకుని, పక్కనుంచి మాట్లాడుతూ పోయేవాళ్ళని "ష్" అనడం మొదలుపెట్టారు. మా ముందు గీతల్లోకి మాత్రం ఒక్కరూ రాలేదు. మా కస్టమర్లు కూడా చుట్టు తిరిగి వస్తున్నారు.

అప్పుడే వానలు పట్టుకున్నాయి. వాన పడితే సున్నం కొట్టుకుపోతుంది. కొట్టుకుపోతే సున్నం పిల్ల వచ్చి మళ్ళీ గీయాలి. నేను వాతావరణ వార్తలు వినడం మొదలుపెట్టాను.

షాపు వెనక ఇంట్లో మా అక్కా బావా ఉంటారు. అక్కకి నెలలు నిండుతున్నాయి. ఆసుపత్రికని ఆ కొండ దిగి, ఎక్కి, వస్తూనే మా బెంచీ మీద కూలబడేది. కూలబడ్డా కళ్ళు మాత్రం బాగానే పనిచేసేవి.

"మబ్బు పడితే చాలు, నీ మొహం వెలిగిపోతోందేంట్రా?"

"చల్లగా ఉంటుంది కదక్కా."

"ఆఁ, పాపం, ఎండలో తిరిగే ఉద్యోగం నీది."

ఒక మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. సున్నం పిల్ల డబ్బా నెత్తిన పెట్టుకుని మా మెట్టెక్కింది.

"వైండింగు గారూ, కాసేపు ఇక్కడ నిలబడొచ్చా?"

"ఎదురుగా మీ బిల్డింగుందిగా. వెళ్ళి అందులో నిలబడండి."

"పైకప్పు రెండో దశలో వస్తుందండీ."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఎవరు ముందు నవ్వుతారా అని ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటూ నిలబడ్డాం. ఓడిపోయింది నేనే. సిగ్గు లేకుండా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను. అప్పుడు ఆమె కూడా నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

అప్పట్నుంచి వాన పడ్డా పడకపోయినా మా షాపులో ఆమెకి టీ ఉండేది. మరుగుదొడ్ల గురించి మేమిద్దరం మాట్లాడుకున్నంతగా ఏ ప్రేమికులూ మాట్లాడుకుని ఉండరు. కిటికీలు ఎంత ఎత్తులో ఉండాలి, గాలి ఎటు వీస్తుంది, వాసన మా షాపులోకి రాకుండా ఏం చెయ్యాలి. నాకు ఆ అమ్మాయంటే ఇష్టమని అప్పటికి కాలనీలో అందరికీ తెలుసు. తెలియనట్టు నటించింది ఆమె ఒక్కతే.

మీటింగుకి ముందురోజు తడిసిన ప్లాను కాగితాన్ని మా కౌంటరు మీద పరిచింది. ఎగిరిపోకుండా మూలల మీద మిక్సీ మోటార్లు పెట్టాను. నేను నా వైపునుంచి చదువుదామని కాగితాన్ని గిర్రున తిప్పాను.

ఆమె కాగితాన్ని చూసింది. బయటికి చూసింది. మళ్ళీ కాగితాన్ని చూసింది. టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమైంది?"

"షీటు తలకిందులుగా పట్టుకున్నాను."

"ఎప్పుడు?"

"మొదటి రోజు. కింద రోడ్డు దగ్గర మొదలుపెట్టి పైకి గీసుకుంటూ వచ్చాను. షీటేమో పై అంచు కిందికి వచ్చేలా పట్టుకున్నాను. ఆ తర్వాత వానకి పోయినప్పుడల్లా అవే గుర్తుల మీద మళ్ళీ గీశాను."

"అయితే మా ముందు మరుగుదొడ్లు రావా?"

"రావు. అవి కింద."

"హమ్మయ్య! మరి ఇక్కడేం వస్తుంది?"

"బస్సు. ఇక్కడ గుండ్రంగా తిరిగి వెనక్కి పోతుంది."

"ఇక్కడంటే?"

"మీ కౌంటరు మీంచి," అంది.

మా నాన్న కుర్రవాడిగా ఉన్నప్పుడు పెట్టిన షాపు అది. ఆయన చేతులు వణకడం మొదలయ్యాక కూడా రోజూ వచ్చి కూర్చునేది ఇక్కడే. ఇది లేకపోతే ఆయనేం చేస్తాడో నాకు తెలియదు.

"గుండ్రాన్ని కాస్త జరపలేరా?"

పెన్సిలు తీసుకుంది. అటు గీసింది, ఇటు గీసింది. చెరిపింది. చాలాసేపు అలాగే తంటాలు పడింది.

"ఇంతకంటే చిన్నదైతే బస్సు తిరగదండీ. అటు జరిపితే మీ అక్కావాళ్ళ ఇల్లు పోతుంది."

"ఎవరికీ చెప్పకపోతే?"

అడిగాక నాకే సిగ్గేసింది.

"చెప్పకపోతే మీ షాపుంటుంది. నా ఉద్యోగం కూడా నిక్షేపంగా ఉంటుంది. బస్సు మాత్రం కిందే ఉంటుంది. మీ అక్క బిడ్డనెత్తుకుని ఈ కొండ దిగుతుంది." గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "రేపు మీటింగులో చెప్పేస్తాను. తర్వాత మీరు నాతో మాట్లాడరు. అందుకే ఈ టీ నెమ్మదిగా తాగుతున్నాను."

మాట్లాడతానని చెప్పాల్సింది. చెప్పడానికి బదులు ఆమె గ్లాసులో ఇంకాస్త టీ పోశాను.

సాయంత్రం నాన్నకి విషయం చెప్పాను. ఆయన షట్టరు దించేదాకా ఒక్క కస్టమర్నీ తిట్టలేదు. నాకు భయమేసింది.

మీటింగు స్కూలు హాల్లో పెట్టారు. కాలనీ అంతా వచ్చింది. ఆఫీసు పెద్దసారు ముందు కుర్చీలో కూర్చున్నాడు. సున్నం పిల్ల లేచి నిలబడి, తప్పు తనదేనని, ఎలా జరిగిందో, అసలు ప్లాను ఏంటో, దానికి ఎవరి షాపు పోతుందో ఏదీ దాచకుండా చెప్పింది. పెద్దసారు తల పట్టుకున్నాడు.

"బస్సు పైకి రావాలనుకునేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు చివరికి.

ఒక్క చెయ్యి కూడా లేవలేదు. బస్సు పైకి రావాలని అక్కడ అందరికీ ఉంది. కానీ నాన్న ముందు వరసలోనే కూర్చున్నాడు. ఆ హాల్లో ఉన్న ప్రతివాళ్ళ ఇంట్లో తిరిగే ఫ్యానూ ఆయన చలవే. ఎదురుగా ఆయన్ని పెట్టుకుని చెయ్యెత్తడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఇస్త్రీ అత్త నేల చూపులు చూస్తోంది. అక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఎవరూ ఎత్తకపోతే ఇప్పుడు గీసి ఉన్నదానికి చేతులెత్తించి అదే ఖాయం చేసేస్తాం," అన్నాడు పెద్దసారు.

సున్నం పిల్ల నా వైపు చూడలేదు. చూస్తే ఒత్తిడి చేసినట్టవుతుందని గోడకేసి చూస్తూ నిలబడింది. ఆ గోడ మీద చూడటానికేమీ లేదు.

నేను చెయ్యెత్తాను. షాపు పోతుందని తెలుసు. అయినా ఎత్తాను.

నాన్న మెల్లగా నా వైపు తిరిగాడు.

"దించరా."

"నాన్నా..."

"దించమన్నానా? పెద్దవాణ్ణి నేనుండగా ముందు నువ్వెత్తేదేంటి?"

దించాను. ఆయన వణుకుతున్న చేతిని పైకెత్తాడు. వణుకు కనబడకూడదని రెండో చేత్తో మోచెయ్యి పట్టుకున్నాడు. అక్క భోరుమంది. ఆ తర్వాత హాల్లో ఎత్తని చెయ్యి లేదు.

సద్దు మణిగాక నాన్న లేచాడు.

"అమ్మాయ్, షాపు తీసుకుంటున్నావు. బానే ఉంది. పొద్దున లేస్తే వీడు కూర్చునేది అందులోనే. ఇప్పుడు వీణ్ణేం చెయ్యమంటావు?"

"షాపు పోయినవాళ్ళకి సంత వరసలో కొత్త షాపు ఇస్తామండీ. మీ కుర్చీకి కూడా చోటుంటుంది."

"షాపు సంగతి ఎవడడిగాడు? వీడి సంగతి చెప్పు. వాన వస్తుందా రాదా అని ఆకాశం చూసుకుంటూ కూర్చుంటున్నాడు. పని చెడిపోతోంది."

హాలు హాలంతా నా వైపు తిరిగింది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. సున్నం పిల్ల కాగితాన్ని నిదానంగా చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది.

"అది మా ఆఫీసు చూసే పని కాదండీ," అంది.

హాలంతా ఈసారి ఆమె వైపు తిరిగింది.

"నేను సొంతంగా చూసుకుంటాను."

మీటింగులో జరిగిందంతా రాసుకుంటున్న పెద్దసారు పెన్ను ఆపి, ఇది కూడా రాయాలా అని అడిగాడు.

"రాసుకోండి," అన్నాడు నాన్న.